డీజిల్ లారీకి ఫీడ్ ప్రెషర్ ఎంత ఉండాలి, అందుకు ఏ పంపు పెట్టుకోవాలి

పోయిన ఎండాకాలం ఒక లారీ ఓనరు గోనెసంచిలో ఇంజెక్షన్ పంపు (నాజిళ్లకు డీజిల్ కొట్టేది) చుట్టుకుని ఆటోనగర్‌లో పంపులు పరీక్షించే మా బెంచి దగ్గరికి వచ్చాడు. తాండూరు బండలు లోడు వేసుకుని వస్తుంటే అనంతగిరి గుట్ట మీద బండి రెండో గేరులో కూడా లాగట్లేదట. "పంపు పోయిందన్నా, కాలిబ్రేషన్ చేసియ్యి. మళ్ల ఒక ఎలక్ట్రిక్ పంపు గూడ చూపియ్యి, పెద్దది, మస్తు ప్రెషర్ కొట్టేది" అన్నాడు. పంపును బెంచికి ఎక్కించి తిప్పి చూశాను. ఆరు లైన్ల డెలివరీ సమానంగా ఉంది, గవర్నర్ (స్పీడు మించకుండా డీజిల్ తగ్గించేది) సరైన చోటే కట్ చేస్తోంది. పంపుకు ఏ జబ్బూ లేదు. దానికి తిండి అందట్లేదు, అంతే. అంటే ట్యాంకు నుంచి డీజిల్‌ను దాని దాకా తోసే ఫీడ్ ప్రెషర్ చాలట్లేదు.

పంపు దింపిన మజూరీ, మళ్లీ ఎక్కించి టైమింగ్ పెట్టే మజూరీ, రెండు రోజులు బండి నిలబడిన నష్టం. వందల్లో దొరికే ప్రెషర్ గేజి ఒకటి ముందే పెట్టి చూసుంటే ఇవన్నీ మిగిలేవి. ఆ గేజి చూడకుండా ఎలక్ట్రిక్ పంపా, మామూలు పంపా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. గేజి చూసి అడిగితే మాత్రం చాలావరకు ఒకటే జవాబు మిగులుతుంది.

ముందు మీ బండికున్నది ఏ పంపో చూసుకోండి

బండి ఏ సంవత్సరానిదో చెబితే చాలదు. పొగ కాలుష్యానికి పెట్టిన నియమాల్లో దేశమంతా బీఎస్4 వచ్చింది 2017 ఏప్రిల్‌లో, బీఎస్6 వచ్చింది 2020 ఏప్రిల్‌లో. బీఎస్4 అంటే కామన్ రైలే అనుకుంటారు చాలామంది. కానీ అశోక్ లేలాండ్ బీఎస్4లో కూడా ఇన్‌లైన్ పంపుతోనే ఐఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్లోకే పంపే పద్ధతి) బండ్లు దింపింది. కాబట్టి క్యాబిన్ లేపి కళ్లతో చూడండి. సిలిండర్‌కొక స్టీలు లైను చొప్పున పైన వరుసగా బయలుదేరి, పక్కన చేత్తో కొట్టే ప్రైమర్ ఉన్న ఫీడ్ పంపు వేలాడుతుంటే అది ఇన్‌లైన్. లైన్లు వెనక తలకాయ నుంచి గుండ్రంగా బయలుదేరితే రోటరీ. లావుపాటి రైలు పైపు ఒకటి అడ్డంగా ఉండి, నాజిళ్లకు వైర్ల కనెక్టర్లు ఉంటే కామన్ రైల్.

ఇన్‌లైన్‌తో మొదలుపెడదాం, మన దగ్గర పాత లోడు బండ్లలో ఎక్కువ ఉన్నది అదే. కంపెనీ 2008లో పేరు బాష్‌గా మార్చుకున్నా మా దగ్గర ఇంకా 'మైకో పంపు' అనే అంటారు. ఈ పంపు లోపల సిలిండర్‌కొకటి చొప్పున డీజిల్‌ను నాజిల్‌కు తోసే చిన్న పిస్టన్లు ఉంటాయి, ఎలిమెంట్లు అంటాం. వాటి చుట్టూ డీజిల్ నిండి ఉండే గది ఒకటి ఉంటుంది, గ్యాలరీ అంటాం. ఎలిమెంట్ కిందికి దిగిన ఆ కాస్త సమయంలో గ్యాలరీలోని డీజిల్ దూసుకొచ్చి దాన్ని నింపాలి. దానికి కావలసిన ప్రెషర్ 1 బార్ నుంచి 2.5 బార్ మధ్య, పంపు సైజును బట్టి. పాత బండ్లకు నేను పెట్టుకున్న లెక్క ఇది: ఐడిల్‌లో 1 బార్‌కు తగ్గకూడదు, ఫుల్ రేసులో 1.5 దాటాలి, ఎప్పుడు చూసినా 2.5 మించకూడదు. 1 కంటే తక్కువైతే ఎలిమెంట్ సగమే నిండుతుంది, లోడు మీద బండి లాగదు. 2.5 మించితే ఫిల్టర్ గాస్కెట్లు, ప్రైమర్ సీలు కారడం మొదలవుతుంది, పంపు కింది గదిలోని ఆయిల్లోకి డీజిల్ దిగుతుంది. ఎక్కువ ప్రెషర్ పెడితే ఎక్కువ పికప్ వస్తుందన్నది ఉత్త మాట. ఎలిమెంట్ ఒకసారి నిండిందంటే నిండినట్టే, ఎంత తోసినా గ్లాసులో గ్లాసెడు నీళ్లే పడతాయి.

రోటరీ పంపు సంగతి వేరు. వీఈ రకం పంపు లోపల దానికంటూ ఒక చిన్న వేన్ (రెక్కల) పంపు ఉంటుంది. ఐడిల్‌లోనే 3 బార్ పైన, రేసు పెరిగేకొద్దీ ఇంకా పైకి, లోపలి ప్రెషర్‌ను అదే పుట్టిస్తుంది. టైమింగ్ అడ్వాన్స్, అంటే డీజిల్ ఎంత ముందుగా చిమ్మాలన్నది కూడా ఆ ప్రెషర్ మీదే నడుస్తుంది. బయటి నుంచి మనం ఇవ్వాల్సింది 0.2 నుంచి 0.7 బార్, అంటే 3 నుంచి 10 పీఎస్ఐ. చేతికి అందించడమే తప్ప నోట్లో కుక్కడం కాదు. ఇన్‌లైన్ కోసం కొన్న 2 బార్ పంపును దీనికి తగిలిస్తే మనం తోసింది లోపలి ప్రెషర్‌కు కలుస్తుంది. టైమింగ్ ముందుకు జరిగి ఇంజన్ కటకట కొడుతుంది, షాఫ్ట్ సీలు ఓడిపోయి డీజిల్ ఇంజన్ ఆయిల్లోకి పోతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది. వేలికి రాసి వాసన చూస్తే చాలు, డీజిల్ అని తెలిసిపోతుంది. అలా తెలిశాక ఆ బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపకండి. పలచబడ్డ ఆయిల్‌తో నడిస్తే బేరింగులు పోతాయి.

కామన్ రైల్ బండ్ల గురించి క్లుప్తంగా చెప్పి వదిలేస్తా. వీటిలో చాలావాటికి హై ప్రెషర్ పంపు వెనకే గేరు పంపు ఉంటుంది, ట్యాంకు నుంచి డీజిల్‌ను అదే లాగుతుంది. కాబట్టి ప్రీ ఫిల్టరు దగ్గర గేజి పెడితే ప్రెషర్ చూపదు, వాక్యూమ్ చూపుతుంది. గేరు పంపు తర్వాత ఫిల్టరు ఉన్న బండ్లలో ఆ ఫిల్టరు మీద 5 బార్ దాటడం మామూలే, పాత బండి లెక్కతో చూసి కంగారు పడొద్దు. ఈ బండ్లకు బయటి నుంచి ఎలక్ట్రిక్ పంపు తగిలించడం నాకు ఇష్టం లేదు. ఫిల్టర్లు టైముకు మార్చండి, వాటర్ సెపరేటర్‌లో నీళ్లు దించండి, మిగతాది స్కానర్ పెట్టి చూసేవాళ్లకు వదిలేయండి. వారంటీలో ఉన్న బండికైతే చేయే పెట్టొద్దు.

ఇంకొక మాట. వీడియోల్లో చూసి "పది పీఎస్ఐకి తగ్గితే పంపు కాలిపోతుందట కదా" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఆ లెక్క అమెరికాలో 1998 మధ్య నుంచి 2002 దాకా వచ్చిన డాడ్జ్ రామ్ బండ్లది. వాటి కమిన్స్ ఇంజన్ మీద వీపీ44 అనే ఎలక్ట్రానిక్ రోటరీ పంపు ఉండేది. దానిలోకి వెళ్లిన డీజిల్‌లో ఎక్కువ భాగం పంపును చల్లబరచడానికే, రిటర్న్ వాల్వు 14 పీఎస్ఐ దగ్గర తెరుచుకుంటుంది. ఫీడ్ తగ్గితే అది నిజంగానే చస్తుంది. అదే కంపెనీ బండికి 1994 నుంచి 1998 దాకా ఉన్నది పీ7100 ఇన్‌లైన్ పంపు, దానికి 17 నుంచి 35 పీఎస్ఐ దాకా నడుస్తుంది. ఒకే ఇంజన్, నాలుగేళ్ల తేడా, లెక్క మొత్తం వేరు. అక్కడి అంకెను తెచ్చి మన బండికి అతికిస్తే ఏమవుతుందో మీరే చూసుకోండి.

గేజి ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు చూడాలి

0 నుంచి 4 బార్ దాకా చూపే గ్లిజరిన్ నింపిన గేజి తీసుకోండి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరుకుతుంది. పీఎస్ఐలో ఉంటే 14.5తో భాగిస్తే బార్ వస్తుంది. కేజీ అని రాసుంటే బార్ అనే అనుకోండి, తేడా రెండు శాతమే. ఫిల్టర్ దాటాక, ఇంజెక్షన్ పంపులోకి వెళ్లే బాంజో బోల్టు (లోపల నుంచి డీజిల్ పోయే బోలు బోల్టు) దగ్గర టీ వేసి తగిలించండి. ఫిల్టరుకు ముందు పెడితే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, పంపుకు మాత్రం అందదు. రెండు చోట్లా చూస్తే ఇంకా మంచిది, ఆ రెంటి మధ్య తేడాయే ఫిల్టరు ఎంత మూసుకుపోయిందో చెబుతుంది. ముల్లు మరీ వణుకుతుంటే గేజి ముందు చిన్న నీడిల్ వాల్వు వేసి కాస్త బిగించండి. డీజిల్ లైనును మాత్రం క్యాబిన్లోకి లాక్కురావద్దు. అద్దానికి అవతల వైపర్ దగ్గర కట్టుకుంటే లోపలి నుంచి కనిపిస్తుంది.

ఇక అసలు విషయం, ఏ సమయంలో చూడాలన్నది. ఇంజన్ తిప్పే ఫీడ్ పంపు ఐడిల్‌లో తక్కువ కొడుతుంది, రేసుతోపాటు పెరుగుతుంది. ఎలక్ట్రిక్ పంపు దీనికి సరిగ్గా తలకిందులు. తాళం తిప్పి సెల్ఫ్ కొట్టకముందే దాని ప్రెషర్ అన్నిటికంటే ఎక్కువ, ఎందుకంటే తాగేవాడు ఇంకా లేవలేదు. ఫుల్ లోడు మీద గుట్ట ఎక్కుతున్నప్పుడు అన్నిటికంటే తక్కువ. కాబట్టి మెకానికల్ పంపుకు ఐడిల్‌లో కనిష్ఠం చూడాలి, ఎలక్ట్రిక్‌కు ఐడిల్‌లో గరిష్ఠం, ఫుల్ లోడు మీద కనిష్ఠం చూడాలి. ఎలక్ట్రిక్ పెట్టించుకున్నవాళ్లు షెడ్డులోనే ఐడిల్‌లో చూసి "ముల్లు బాగా లేచింది" అని సంబరపడి వెళ్లిపోతారు. వారం తర్వాత అదే బండి అదే గుట్ట మీద ఆగుతుంది.

ఏ పంపైనా సరే లోడు వేసుకుని, మధ్యాహ్నం ఎండలో, ఇంజన్ బాగా వేడెక్కాక ఒకసారి చూడండి. మే నెలలో మన దగ్గర నలభై డిగ్రీలు దాటితే ట్యాంకులో డీజిల్ పలచబడుతుంది. ఫీడ్ పంపులో అరిగిన పిస్టను పక్క నుంచి అది జారిపోతుంది. పొద్దున మేడ్చల్ దాకా చక్కగా వెళ్లిన బండి మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో మొరాయించిందంటే నేను ముందు అనుమానించేది ఫీడ్ పంపునే.

ఇప్పుడు ఎంపిక

మొదటిది, ఉన్నదాన్నే బాగుచేసుకోవడం. దీన్ని ఎంపిక అని కూడా ఎవరూ అనుకోరు, కానీ నా దగ్గరికి వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి ఇదే సరిపోతుంది. ట్యాంకులోని జాలీ, ప్రీ ఫిల్టరు, పగుళ్లిచ్చిన రబ్బరు గొట్టాలు, మళ్లీ మళ్లీ వాడి అణిగిపోయిన రాగి వాషర్లు, ఇవన్నీ ముందు చూడాలి. ఫీడ్ పంపుకు వచ్చే లైనులో జానెడు తెల్ల పారదర్శక గొట్టం వేస్తే గాలి బుడగలు కంటికి కనిపిస్తాయి. లాగే వైపు గొట్టానికి చిల్లు పడితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది, అందుకే కింద తడి లేదు కదా అని మోసపోతాం.

ఆ తర్వాత ఓవర్‌ఫ్లో వాల్వు. గ్యాలరీ నుంచి రిటర్న్ లైను మొదలయ్యే చోట బోలు బోల్టులో ఒక గుండు, ఒక స్ప్రింగు ఉంటాయి. ప్రెషర్ ఎంత నిలవాలో తేల్చేది ఈ స్ప్రింగే. ఫీడ్ పంపు డీజిల్‌ను తెస్తుంది, దాన్ని ఆపి ప్రెషర్‌గా మార్చేది ఈ వాల్వు. కొందరు మెకానిక్కులు పాతది పోతే మామూలు బాంజో బోల్టు బిగించేస్తారు, అక్కడితో ప్రెషర్ సున్నా. ఇంకొందరు రిటర్న్‌ను పూర్తిగా మూసేస్తారు. అది ఇంకా తప్పు, లోపలి వేడీ గాలీ బయటికి పోయే దారి ఉండదు. గోనెసంచి ఓనరు బండికి వెళ్లి ఈ బోల్టు విప్పితే లోపల గుండు ఉంది, స్ప్రింగు స్థానంలో బాల్‌పెన్ను స్ప్రింగు ఉంది. ఎవరు పెట్టారో ఆయనకూ తెలియదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి, ఆ పెన్నుతో ఎవరు ఏం రాసుకున్నారో.

ఫీడ్ పంపుకే కిట్టు వేయాలంటే దాని పని ఒకసారి అర్థం చేసుకోండి. పంపు క్యామ్ పిస్టన్‌ను నెడుతుంది, కానీ డీజిల్‌ను ముందుకు పంపేది తిరిగివచ్చే స్ప్రింగు. ముందర ప్రెషర్ నిండిపోతే స్ప్రింగు తోయలేక పిస్టన్ దానంతటదే తక్కువ దూరం ఆడుతుంది. అంటే ప్రెషర్‌ను అదుపు చేసే రెగ్యులేటర్ అందులోనే పుట్టింది. ఇంత తెలివైన వస్తువును తీసేసి వైర్లు లాగుతామంటే నాకు మనసొప్పదు. కిట్టులో స్ప్రింగు, రెండు వాల్వులు, ఓ రింగులు వస్తాయి. ప్రైమర్ గట్టిపడే దాకా కొట్టి వదలండి. గేజి ముల్లు నిదానంగా దిగితే వాల్వులు బాగున్నట్టు, టక్కున పడిపోతే పోయినట్టు. కానీ బాడీ బోరులో గీతలు పడి ఉంటే, నెట్టే కడ్డీ వదులై డీజిల్ పంపు ఆయిల్లోకి దిగుతుంటే కిట్టు డబ్బు దండగ.

అప్పుడు రెండోది, కొత్త ఫీడ్ పంపు. మీ ఇన్‌లైన్ పంపు ప్లేటు మీది నంబరు రాసుకుని వెళ్లి దానికి సరిపోయేదే అడగండి. చూడ్డానికి ఒకేలా ఉండే ఫీడ్ పంపుల్లో స్ప్రింగు బలం, పిస్టన్ సైజు వేరుగా ఉంటాయి. రాణీగంజ్‌లో, పుత్లీబౌలిలో అసలూ దొరుకుతుంది, నకలూ దొరుకుతుంది. నకలుది ప్రైమర్ మరలే చెబుతుంది. రెండుసార్లు తిప్పితే గరగరమంటుంది. కిట్టుకూ కొత్తదానికీ మధ్య ఊగిసలాట ఉంటే, పదేళ్లు దాటిన పంపుకు నేను కొత్తదే చెబుతా.

మూడోది, టకటక కొట్టుకునే చిన్న ఎలక్ట్రిక్ పంపు. ఇవి చాలావరకు 4 నుంచి 7 పీఎస్ఐ మధ్య ఇస్తాయి. రోటరీ పంపు ఉన్న చిన్న బండికి ఇది చక్కటి జోడీ. ముఖ్యంగా ఇంజన్ పక్కన బిగించే డయాఫ్రమ్ (రబ్బరు పొర) ఫీడ్ పంపు ఉన్నవాటికి. ఆ డయాఫ్రమ్ చిరిగితే డీజిల్ నేరుగా ఇంజన్ ఆయిల్లోకి పోతుంది కాబట్టి, దాన్ని తీసి ప్లేటుతో మూసేసి ఇది పెట్టుకుంటే ఆ భయం పోతుంది. అదే పంపును ఆరు సిలిండర్ల ఇన్‌లైన్‌కు ఒంటరిగా పెడితే ప్రెషరూ చాలదు, డీజిలూ చాలదు. అక్కడ అది ఎయిర్ తీయడానికి సాయంగా మాత్రమే పనికొస్తుంది. అలా సాయానికి పెట్టుకుంటే ముందు ఒక పరీక్ష చేయండి: దాని వైరు పీకేసి బండి నడపండి. ఆగిన పంపు గుండా ఫీడ్ పంపు డీజిల్ లాక్కోగలిగితే సరే. లేకపోతే పదిలంగా ఉన్న బండికి మీరే ఒక కొత్త రోగం కొనిచ్చినట్టు.

నాలుగోది, పెద్ద ఎలక్ట్రిక్ పంపు, రిటర్న్ రెగ్యులేటర్‌తో. ఫీడ్ పంపు క్యామ్ అరిగిపోయి ఇంజెక్షన్ పంపే విప్పాల్సి వస్తున్నప్పుడు, ట్యాంకు మరీ దూరంగా ఉండి రోజూ ఎయిర్ పడుతున్నప్పుడు దీనికి అర్థం ఉంది. రెగ్యులేటర్ లేకుండా మాత్రం ఒప్పుకోను. లైనును నొక్కి ఆపే రకం వద్దు, మిగులు డీజిల్‌ను తిరిగి ట్యాంకుకు వదిలే రకమే కావాలి. డబ్బా మీద రాసిన ప్రెషర్, డీజిల్ ఎటూ పోకుండా మూసి కొలిచింది. పంపు దాకా వచ్చేసరికి వంపులు, సన్నటి లైన్లు, ఫిల్టరు తినగా మిగిలిందే మీది. ట్యాంకుకు దగ్గరగా, ట్యాంకు మట్టానికి దిగువన బిగించండి. ఎలక్ట్రిక్ పంపులు నెట్టడంలో మొనగాళ్లు, లాగడంలో సోమరులు. వోల్టేజీ చూసుకోండి. పెద్ద లారీలు 24, 12 వోల్టుల పంపు తెచ్చి తగిలిస్తే ఆ సాయంత్రానికే పొగ.

ఒకతను పాత కార్ల సామాను దుకాణంలో పెట్రోలు కారు పంపు చవకగా దొరికిందని తెచ్చాడు. ఎంపీఎఫ్ఐ (పెట్రోలును ఇంజెక్టర్లతో చిమ్మే) కార్ల ట్యాంకు పంపు 3 బార్ దాకా కొడుతుంది. పైగా అది పెట్రోల్లో మునిగి చల్లబడేలా చేసినది. ఆయన బండికి ఉన్నది రోటరీ. తగిలించకముందే వచ్చి అడిగాడు కాబట్టి బతికిపోయాడు.

వైరింగు గురించి మాత్రం బతిమాలుతున్నా. తాళానికి నేరుగా వైరు లాగకండి. ప్రమాదం జరిగి ఇంజన్ ఆగినా తాళం ఆన్‌లోనే ఉంటుంది, తెగిన లైను నుంచి పంపు వేడి సైలెన్సర్ మీదికి డీజిల్ చిమ్ముతూనే ఉంటుంది. రిలే పెట్టి, దాన్ని ఆయిల్ ప్రెషర్ స్విచ్ ద్వారా నడపాలి. ఇంజన్ ఆగితే ఆయిల్ ప్రెషర్ పడిపోయి పంపు దానంతటదే ఆగాలి. స్టార్టింగ్‌కు సెల్ఫ్ వైరు నుంచి విడిగా కరెంటు ఇచ్చుకోవచ్చు. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. ఈ నాలుగూ చేయని ఎలక్ట్రీషియన్ ఎంత తక్కువకు చేస్తానన్నా వద్దు.

నన్ను కచ్చితంగా చెప్పమంటే: ఇన్‌లైన్ లోడు లారీకి వాల్వు, గొట్టాలు, కిట్టు, అవి చాలకపోతే కొత్త ఫీడ్ పంపు. రోటరీ చిన్న బండికి డయాఫ్రమ్ పోయినప్పుడు చిన్న ఎలక్ట్రిక్. రిటర్న్ రెగ్యులేటర్‌తో పెద్ద ఎలక్ట్రిక్ పంపు ఏడాదికి రెండు మూడు బండ్లకే చెబుతాను, అదీ గేజి చూశాకే.

గోనెసంచి ఓనరు బండికి కొత్త ఓవర్‌ఫ్లో వాల్వు వేశాం. ట్యాంకు జాలీ విప్పితే చెంచాడు తుప్పు, ఒక గుడ్డ పేలిక బయటపడ్డాయి. పంపు ఎక్కించాక ఐడిల్‌లో 1.2, రేసులో 1.7 చూపింది. తర్వాతి లోడుకు అనంతగిరి మూడో గేరులో ఎక్కిందని ఫోన్ చేశాడు. ఎలక్ట్రిక్ పంపు ఊసు మళ్లీ ఎత్తలేదు. పరీక్షకని వైపర్ పక్కన కట్టిన నా గేజి మాత్రం ఇంకా ఆ బండి మీదే తిరుగుతోంది.